జాలె డేగను గుర్తుపట్టడం, సరిగా నమోదు చేయడం ఎలా

మామిడితోటలోనో, పెరటి చింతచెట్టు మీదనో ఉడుతలు ఆపకుండా అరుస్తూ, గోరింకలు ఒక్కపెట్టున లేచిపోయి, పిట్టగోడ మీది పావురాలు గుంపుగా ఎగిరిపోయాయంటే, చాలామంది తల పైకెత్తి "గద్ద వచ్చింది" అంటారు. వచ్చింది గద్ద కాకపోవచ్చు. చెట్ల మధ్య వేటాడే చిన్న డేగల్లో మన తెలుగు నేలమీద అన్నిటికంటే ఎక్కువగా కనబడేది జాలె డేగ. హిందీలోనూ ఇంగ్లీషులోనూ దీనిని శిక్రా అంటారు. వేట అనే అర్థమున్న పారసీక మాటకు సంబంధించిన పేరు అది. పావురమంత ఉండే ఈ పక్షిని ఎక్కడ వెతకాలో, దీనిలాగే కనబడే ఇతర పక్షుల నుంచి ఎలా వేరుచేయాలో, ఏ ఉపజాతి (ఒకే జాతిలో ప్రాంతాన్ని బట్టి కాస్త మారే రూపం) అయి ఉంటుందో ఎంతవరకు చెప్పవచ్చో, చూసినదాన్ని ఎలా రాసిపెట్టుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

మొదలుపెట్టే ముందు పేర్ల సంగతి ఒకటి తెలుసుకోవాలి. ఆకాశంలో గిరికీలు కొట్టే పెద్ద పక్షిని గద్ద అనీ, దూసుకొచ్చి పట్టే పక్షిని డేగ అనీ అనడం ఉన్నా, ఊళ్ళలో ఈ తేడాను కచ్చితంగా ఎవరూ పాటించరు. గోదావరి జిల్లాల్లో డేగ అంటే ముందుగా ఎర్ర ఈకల పందెం కోడి గుర్తుకు వస్తుంది. వేటకు మచ్చిక చేసిన డేగను పూర్వం సాళువ అనేవారు. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులో ఉన్న మాట అదే. కాబట్టి ఊరివాళ్ళను అడిగి సమాచారం సేకరించేటప్పుడు పేరు అడిగి ఊరుకోకండి. ఆ పక్షి ఎంత ఉంది, దేన్ని పట్టుకుపోయింది, గాలిలో తిరుగుతూ దిగిందా లేక కొమ్మల్లోంచి దూసుకొచ్చిందా అని అడగండి. తొండను తన్నుకుపోయిందని, కొమ్మల్లోంచి వచ్చిందని చెబితే మీ అన్వేషణ సరైన దారిలో ఉన్నట్టే.

మొదట: ఎక్కడ, ఎప్పుడు చూడాలి

జాలె డేగ అడవి పక్షే గాని, చీకటి కమ్మిన దట్టమైన అడవి దీనికి ఇష్టం లేదు. అక్కడక్కడ ఖాళీ ఉన్న ఆకురాల్చే అడవులు, అడవి అంచులు, పొలాల మధ్య తోపులు, ఊరి చెరువుగట్టు మీది చెట్లు, ఊళ్ళలోని పాత పెద్ద చెట్లు దీని నెలవులు. కూర్చోవడానికి ఆకుల చాటు, వేటాడటానికి ఎదురుగా కొంత తెరిపి, ఈ రెండూ ఒకచోట ఉండాలి. మర్రి, రావి, వేప, మామిడి, చింత, నిద్రగన్నేరు వంటి చెట్లున్న పార్కుల్లోను, విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లోను అందుకే ఇది హాయిగా బతుకుతుంది. హైదరాబాదులో కేబీఆర్ పార్కులోను, హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోను కాస్త ఓపికగా తిరిగేవారికి ఇది కనబడుతుంది. నల్లమలకో పాపికొండలకో వెళితేగాని కనబడదేమోనని అనుకోనక్కరలేదు. ముందుగా మీ వీధి చివరి చెట్టును చూడండి.

తెల్లవారిన తరువాత రెండు మూడు గంటలు, మళ్ళీ సాయంత్రం ఎండ తగ్గాక వెతకడం మంచిది. మధ్యాహ్నం ఆకుల్లో కదలకుండా కూర్చుంటుంది కాబట్టి ఎదురుగా ఉన్నా కనిపించదు. తొలకరి వానల తరువాత పుట్టల నుంచి ఉసుళ్ళు లేచే సాయంకాలాలను మాత్రం వదులుకోకండి, ఎందుకంటే అప్పుడు ఈ డేగ నేలమీదికి కూడా దిగి వాటిని ఏరుకుని తింటుంది. మునిమాపువేళ చిన్న గబ్బిలాల కోసం కాచుకుని కూర్చోవడం కూడా గమనించారు. ఏడాది పొడవునా మన ప్రాంతంలోనే ఉంటుంది గాని, జత కట్టే కాలంలో, అంటే వేసవిలో, సుమారు మార్చి నుంచి జూన్ వరకు, ఎక్కువగా అరుస్తుంది కనుక జాడ తెలియడం తేలిక.

పరికరాల విషయంలో పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. 8×42 రకం బైనాక్యులర్, చిన్న నోటు పుస్తకం, పెన్సిల్ చాలు. కెమెరా ఉంటే మంచిదే, కాని మొదటి పది రోజులు దాన్ని ఇంట్లో వదిలి రమ్మని నా సలహా. కెమెరా చేతిలో ఉన్నవారు పక్షిని చూడరు, తెరను చూస్తారు.

తరువాత: కంటికంటే ముందు చెవికి పని చెప్పండి

జాలె డేగను నేరుగా వెతికి పట్టుకోవడం కన్నా, దాన్ని చూసి భయపడిన జీవాలను వెతకడం సులభం. ఉడుత ఒకేచోట నిలబడి తోక జాడిస్తూ నిమిషాల తరబడి ఒకే లయలో అరుస్తుంటే, దాని ముఖం ఎటు తిరిగి ఉందో అటు మీ బైనాక్యులర్ తిప్పండి. చిన్న పిట్టలు మాటలు ఆపి గుబురుల్లోకి దూకితే, అదొక గుర్తు. గుంపుగా తిరిగే బూడిదరంగు బాబ్లర్లు మాత్రం దాక్కోవు. అన్నీ ఒకచోట చేరి గోలగోలగా అరుస్తూ డేగను తరిమేస్తాయి. అవి గుమిగూడిన కొమ్మ నుంచి ఓ బూడిదరంగు పక్షి చల్లగా జారుకుని పక్క చెట్టులోకి వెళ్ళిందంటే అదే మీరు వెతుకుతున్నది కావచ్చు.

దాని అరుపు రెండక్షరాలది. మొదటి స్వరం హెచ్చుగా, రెండోది కాస్త సాగుతూ "పీ-వీ" అన్నట్టు వినబడుతుంది. ఎగురుతున్నప్పుడు అదే పొట్టిగా, పదునుగా "కిక్-కీ, కిక్-కీ" అవుతుంది. ఈ అరుపును పట్టుకున్నంత మాత్రాన డేగ దొరికినట్టు కాదు. మన ఏట్రింత, అదే తోక చివర రెండుగా చీలిన నల్ల పిట్ట, జాలె డేగ గొంతును అచ్చంగా అనుకరిస్తుంది. పురుగును పట్టుకున్న గోరింకల దగ్గర ఆ అరుపు అరిచి, అవి బెదిరి ఎగిరిపోగానే వాటి తిండిని కాజేస్తుంది. అందుచేత అరుపు మాత్రమే విని "జాలె డేగ" అని పుస్తకంలో రాసుకోకండి. ఆ పొరపాటు నేను ఒకసారి కాదు, చాలాసార్లు చేశాను. డేగ కోసం చెట్టంతా గాలించాక కరెంటు తీగ మీద తోక ఊపుతూ ఏట్రింత కనబడేది.

మూడోది: రంగును వదిలి ఆకారం చూడండి

కొత్తగా పక్షులను చూసేవారు చేసే పెద్ద తప్పు రంగుతో మొదలుపెట్టడం. ఎండలో బూడిదరంగు తెల్లగాను, నీడలో నల్లగాను కనబడుతుంది. ఆకారం అలా మారదు. జాలె డేగకు రెక్కలు పొట్టిగా, చివర గుండ్రంగా ఉంటాయి. తోక పొడవుగా ఉంటుంది. తల చిన్నది, కాళ్ళు సన్నగా పసుపుపచ్చగా ఉంటాయి. చెట్ల మధ్య చటుక్కున మలుపు తిరగడానికి పొట్టి రెక్కలు వీలుగా ఉంటాయి, పొడుగు తోక చుక్కానిలా పనిచేస్తుంది. ఎగిరే తీరు కూడా ఆ శరీరానికి తగ్గట్టే ఉంటుంది: గబగబా నాలుగైదుసార్లు రెక్కలు కొట్టి, కాసేపు జారుతుంది, మళ్ళీ కొట్టి మళ్ళీ జారుతుంది. కూర్చున్నప్పుడు నిటారుగా ఉంటుంది. కాపు కాయడానికి ఎక్కువగా చెట్టు మధ్యభాగంలోని కొమ్మను ఎంచుకుంటుంది గాని, చిటారుకొమ్మ మీద దర్జాగా కూర్చోవడం తక్కువ.

దీనితో పోలిస్తే నల్ల గద్ద చాలా పెద్దది, తోక చివర కొద్దిగా చీలి ఉంటుంది, గంటల తరబడి పైన తేలుతుంది. అడవి రామదాసు అని పిలిచే నల్లరెక్కల గద్ద పొలాల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలుస్తుంది. మగ జాలె డేగలాగే దానికీ ఎర్రని కళ్ళు ఉన్నాయి కాబట్టి ఒక్క కన్ను చూసి తొందరపడితే పొరబడతాం. అయితే దాని ఒళ్ళు దాదాపు తెల్లన, భుజం మీద నల్లటి మచ్చ ఉంటుంది, చారలు ఉండవు. కెస్ట్రెల్ వంటి ఫాల్కన్లకు (ఇవి మరో రకం వేట పక్షులు) రెక్కల చివరలు కొనదేలి ఉంటాయి.

అసలు చిక్కు వీటితో కాదు, డేగ కోకిలతో వస్తుంది. ఉత్తరాదిన పపీహా అనే ఈ కోకిల రంగు, ఛాతీ మీది చారలు, ఎగిరే తీరు, కొమ్మ మీద వాలే తీరు కూడా అచ్చం జాలె డేగను పోలి ఉంటాయి. బాబ్లర్ల గూళ్ళలో గుడ్లు పెట్టి వెళ్ళే పక్షి కనుక దానికి ఈ వేషం లాభమే, చిన్న పక్షులు దాన్ని చూసీ హడలిపోతాయి. మీరు మాత్రం మోసపోకుండా ముక్కు చూడండి. డేగ ముక్కు పొట్టిగా, కొక్కెంలా వంగి ఉంటుంది. కోకిల ముక్కు సన్నగా, దాదాపు నేరుగా ఉంటుంది. కంటి చుట్టూ పసుపు వలయం కోకిలకు స్పష్టంగా ఉంటుంది. కాలివేళ్ళు కనబడితే ఇక సందేహమే అక్కరలేదు, ఎందుకంటే కోకిలకు రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కు ఉంటాయి, డేగకు మూడు ముందుకు, ఒకటి వెనక్కు ఉండి చివర వాడియైన గోళ్ళుంటాయి. కోకిల కూర్చున్నప్పుడు రెక్కలు కొంచెం జారవేసి, అడ్డంగా వాలినట్టు కూర్చోవడం కూడా గమనించదగినదే.

నాలుగోది: గొంతు, తోక, రెక్కల కొసలు, కన్ను

ఆకారం సరిపోయిందనుకున్న తరువాత మాత్రమే వివరాల్లోకి దిగండి. నేను సూచించే క్రమం ఇది: ముందు గొంతు, తరువాత తోక, ఆ తరువాత రెక్కల కొసలు, చివరికి కన్ను. ఎందుకీ క్రమమంటే, కూర్చున్న పక్షి మీకు ఎదురుగా ఉన్న కొన్ని క్షణాల్లో గొంతు, తోక కనబడతాయి; అది లేచిపోయేటప్పుడు రెక్కల కొసలు కనబడతాయి; కన్ను కనబడటం మీ అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

జాలె డేగకు తెల్లని గొంతు నడుమ నిలువుగా ఒక సన్నని బూడిదరంగు గీత ఉంటుంది. పెద్ద పక్షి పైభాగం లేత నీలిబూడిద, కడుపు తెలుపు మీద సన్నసన్నని ఇటుకరంగు అడ్డచారలు. మగదాని తోకలో నడిమి ఈకలకు అడ్డపట్టెలు ఉండవు, చివర ఒక్క నల్లని పట్టె ఉంటుంది. పక్క ఈకల మీది పట్టెలు కూడా పలచగానే ఉంటాయి. ఎగిరేటప్పుడు కింది నుంచి చూస్తే మగదాని రెక్కల లోపలివైపు తెల్లగా, కొసలు మాత్రం నల్లగా కనబడతాయి. మగదాని కన్ను ఎర్రగాను, ఆడదాని కన్ను పసుపు లేదా నారింజ వన్నెలోను ఉంటుంది. డేగల్లో ఆడది మగదానికంటే పెద్దది. జత పక్కపక్కన కూర్చున్నప్పుడు "పెద్దది మగది" అని రాసుకునేవారు చాలామంది ఉన్నారు. మీరు ఆ పొరపాటు చేయకండి. వేటగాళ్ళు ఈ తేడాను ఎప్పుడో గమనించి, శిక్రా అనే పేరును ఆడపక్షికి, చిపక్ అనే పేరును మగపక్షికి వాడారు.

పిల్లదశ దాటి ఎగరడం నేర్చిన కుర్ర పక్షి పూర్తిగా వేరుగా కనబడుతుంది. పైన గోధుమరంగు, ఛాతీ మీద నిలువు గీతలు, బొట్లు, తోకమీద సన్నని నల్లపట్టెలు, కన్ను పసుపు. ఏడాది గడిచేలోగా మధ్యస్థ దశలో పొట్టమీద అడ్డచారలు ముదురుగా వస్తాయి. పొట్టమీద నిలువు గీతలున్న డేగను చూసి ఇది వేరే జాతి అనుకుని సంబరపడేముందు, అది జాలె డేగ పిల్లేమోనని అనుమానించడం మంచి అలవాటు.

ఇప్పుడు పోలికలకు వద్దాం. మన ప్రాంతానికి చలికాలంలో ఉత్తరం నుంచి పిచ్చుక డేగ అనదగిన యూరేషియన్ స్పారోహాక్ వస్తుంది. దానికి గొంతు నడుమ గీత ఉండదు, కంటిపైన తెల్లని కనుబొమ్మ ఉంటుంది, తోకమీద స్పష్టమైన ముదురు పట్టెలు నాలుగైదు ఉంటాయి. ఎగిరేటప్పుడు రెక్క కొసన విడివిడిగా కనబడే ఈకలు దానికి ఆరు, జాలె డేగకు అయిదు. పొలంలో నిలబడి లెక్కపెట్టడం కష్టమే గాని, ఫోటో తీస్తే ఇంట్లో తీరిగ్గా లెక్కపెట్టవచ్చు.

బెస్రా అనే మరో చిన్న డేగ సంగతి వేరు. అది నిజమైన దట్టమైన అడవుల పక్షి. హిమాలయాల్లోను, పశ్చిమ కనుమల్లోను, శ్రీలంకలోను ఉంటుంది. పైభాగం జాలె డేగకంటే ముదురు, గొంతుగీత మందంగా, కొట్టొచ్చినట్టు కనబడుతుంది, తోకమీది ముదురు పట్టెలు వాటి మధ్యనున్న లేత పట్టెలంత వెడల్పుగా లేదా ఇంకా ఎక్కువగా ఉంటాయి. జాలె డేగ తోకలో ముదురు పట్టె ఎప్పుడూ సన్ననిదే. కాళ్ళు చూసే అవకాశం దొరికితే ఇంకొక తేడా తెలుస్తుంది: బెస్రాకు నడిమి వేలు పొడవుగా, సన్నగా ఉంటుంది, ఎగిరే చిన్న పిట్టలను గాలిలోనే ఒడిసిపట్టడానికి అలాంటి వేలు కావాలి. జాలె డేగ తిండిలో తొండలు, బల్లులు, ఎలుకలు, మిడతలు, అప్పుడప్పుడు చిన్న పాములు, చిన్న పక్షులు, ఉడుతలు అన్నీ ఉంటాయి, దాని వేళ్ళు అందుకు తగ్గట్టు కాస్త పొట్టిగా, లావుగా ఉంటాయి. జాతుల తేడాను రంగుల పట్టికగా బట్టీయం పట్టేకన్నా, తిండికీ కాళ్ళకూ ఉన్న ఈ లంకెను అర్థం చేసుకుంటే ఎక్కువకాలం గుర్తుంటుంది.

తల వెనుక చిన్న జుట్టు, లావైన కాళ్ళు, గట్టి శరీరం ఉన్న జుట్టు డేగ కూడా కొండ అడవుల్లో ఉంది. అది పరిమాణంలో పెద్దది కనుక తికమక తక్కువ.

ఇంత చూశాక కూడా తేలకపోతే "చిన్న డేగ, జాతి తేలలేదు" అని రాయండి. అలాంటి నమోదు సిగ్గుపడవలసినది కాదు. తప్పుడు పేరుతో రాసిన నమోదు కన్నా దాని విలువ ఎక్కువని నా అభిప్రాయం.

అయిదోది: వ్యాప్తి, ఉపజాతి

చాలామంది ఈ మెట్టును దాటేస్తారు, మరికొందరు ఇక్కడే అత్యుత్సాహం చూపుతారు. రెండూ వద్దు.

ముందు శాస్త్రీయ నామం. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త గ్మెలిన్ 1788లో శ్రీలంక పక్షి ఆధారంగా దీనికి బాడియస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు ఎర్రగోధుమ వన్నె అని అర్థం. పెద్ద పక్షి బూడిదరంగులో ఉంటే పేరు మాత్రం గోధుమరంగుది కావడం తమాషాయే. చాలాకాలం దీన్ని ఆక్సిపిటర్ బాడియస్ అన్నారు, మన చేతుల్లో ఉన్న ఫీల్డ్ గైడ్లలో అదే కనబడుతుంది. జన్యు పరిశోధనల్లో ఆక్సిపిటర్ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, చేర్చిన పక్షులన్నీ ఒకే కొమ్మకు చెందినవి కావని తేలడంతో, 2024 నుంచి ప్రధాన పక్షి జాబితాలు దీన్ని టాకిస్పైజా బాడియా అని రాయడం మొదలుపెట్టాయి. బెస్రా కూడా ఆ ప్రజాతిలోకే వెళ్ళింది, యూరేషియన్ స్పారోహాక్ మాత్రం ఆక్సిపిటర్‌లోనే మిగిలింది. పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త యాప్‌లో మరొక పేరు కనబడితే రెండూ ఒకే పక్షివని గుర్తుంచుకోండి.

వ్యాప్తి విషయానికొస్తే, ఇంత చిన్న డేగకు ఇంత పెద్ద రాజ్యం ఉండటం ఆశ్చర్యమే. సహారా ఎడారికి దక్షిణాన ఆఫ్రికా, కాకసస్ ప్రాంతం, మధ్య ఆసియా, భారత ఉపఖండం, శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్, వియత్నాం, దక్షిణ చైనా వరకు ఇది ఉంది. ఈ విస్తీర్ణంలో ఆరు ఉపజాతులను గుర్తించారు. ఆఫ్రికాలో రెండు: భూమధ్యరేఖకు ఉత్తరాన సెనెగల్ నుంచి ఇథియోపియా మీదుగా నైరుతి అరేబియా వరకు స్ఫెన్యూరస్, ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో పాలిజోనాయిడిస్. కాకసస్ నుంచి మధ్య ఆసియా, వాయవ్య భారతం వైపు సెంక్రాయిడిస్ ఉంది. ఇది లేత రంగుది, చలికాలంలో దక్షిణానికి జరుగుతుంది. మన ఉపఖండంలో ఎక్కువ భాగానికి డస్యుమియెరి, నైరుతి భారతానికి, శ్రీలంకకు బాడియస్, ఈశాన్య భారతం నుంచి ఆగ్నేయాసియా, దక్షిణ చైనా వరకు పాలియాప్సిస్. డస్యుమియెరి పేరు ఫ్రెంచి వర్తకుడు, నమూనాల సేకర్త డస్యుమియే జ్ఞాపకంగా 1824లో డచ్ పక్షిశాస్త్రవేత్త టెమింక్ పెట్టినది. దక్షిణ ఆసియా రేవులకు వ్యాపారం మీద తిరుగుతూ జంతు నమూనాలు సేకరించి పారిస్‌కు పంపినవాడు డస్యుమియే.

ఆఫ్రికా రూపాలను వేరే జాతిగా పరిగణించాలని వాదించేవారు ఉన్నారు. ఒకప్పుడు జాలె డేగలోనే కలిపి చూసిన నికోబార్ డేగను ఇప్పుడు ప్రత్యేక జాతిగానే లెక్కిస్తున్నారు. కార్ నికోబార్‌లోను, కచ్చల్ దీవిలోను దానికి చెరొక ఉపజాతి ఉంది. నికోబార్‌కు వెళ్ళేవారు ఈ విషయాన్ని మరచిపోకూడదు.

దీన్ని ఆచరణలో ఎలా వాడాలి? కర్నూలులోనో, వరంగల్‌లోనో, శ్రీకాకుళంలోనో జాలె డేగను చూస్తే అది డస్యుమియెరి అని భౌగోళికంగా భావించవచ్చు. కాని మీరు చూసింది చోటును మాత్రమే, ఉపజాతి లక్షణాలను కాదు. నోటు పుస్తకంలో "జాలె డేగ" అని రాసి, ఉపజాతి పేరును అవసరమైతే పక్కన "స్థలాన్ని బట్టి" అని చేర్చండి. తిరువనంతపురం వెళ్ళి చూసినప్పుడు కాస్త చిన్నగా, ముదురుగా అనిపిస్తే, ఆ తేడాను మాటల్లో రాయండి, ఊరికే బాడియస్ అని ముద్ర వేయకండి. రంగుల తేడాలు పక్కపక్క ప్రాంతాల్లో ఒకదానిలోకి ఒకటి మెల్లగా కలిసిపోతాయి, గీత గీసినట్టు ఎక్కడా ఆగవు. ఇక గువాహటిలోనో, బ్యాంకాక్‌లోనో ఉన్న తెలుగువారు మాత్రం తమ పార్కులోని పక్షిని ఇంటి దగ్గరి పక్షితో పోల్చి చూడవచ్చు: పాలియాప్సిస్ బుగ్గలు బూడిదరంగు, ఛాతీ చారలు వెడల్పుగా, ఎర్రగా ఉంటాయి, గొంతుగీత అంతగా కనబడదు. ఇంత స్పష్టమైన తేడా మంచి ఫోటోలో తెలిసిపోతుంది.

ఆరోది: రాసిపెట్టుకోవడం

చూసిన వెంటనే, పుస్తకం తిరగేయకముందే రాయండి. పుస్తకంలో బొమ్మ చూసిన తరువాత కన్ను చూడనిదాన్ని కూడా చూశానని మనసు నమ్మిస్తుంది. తేదీ, సమయం, ఊరు, చెట్టు పేరు, పక్షి ఎంత ఎత్తున కూర్చుంది, ఏ గుర్తులు చూశారు, ఏవి చూడలేదు, ఏం చేస్తోంది అనేవి చాలు. "చూడలేదు" అనే గడి ముఖ్యం. "గొంతు కనబడలేదు, తోక కనబడింది, నడిమి ఈకలకు పట్టెలు లేవు" అని రాసిన వాక్యం, "జాలె డేగ, ఒకటి" అనే దానికంటే రేపు మీకే ఎక్కువ ఉపయోగపడుతుంది. తరువాత పక్షుల నమోదులు పంచుకునే ఈబర్డ్ వంటి ఆన్‌లైన్ వేదికలో ఎక్కించదలిస్తే ఆ గుర్తులను కూడా జతచేయండి.

ఫోటో తీస్తే అందం కోసం ఒకటి, ఆనవాలు కోసం మూడు తీయండి. ఎదురుగా గొంతు, వెనుక నుంచి విప్పిన లేదా ముడిచిన తోక, ఎగురుతున్నప్పుడు రెక్కల అడుగుభాగం. ఈ మూడూ ఉంటే మసకగా ఉన్నా పక్షి తేలిపోతుంది.

గూడు కనబడితే

జాలె డేగ గూడు కాకి గూడును పోలిన పుల్లల వేదిక, లోపల గడ్డి పరచి ఉంటుంది. ఆడ, మగ రెండూ కలిసి కడతాయి. పుల్లలను కాకిలా ముక్కుతో కాక కాళ్ళతో మోసుకురావడం చూస్తే, దూరం నుంచే అది కాకి కాదని తెలుస్తుంది. లేత నీలిబూడిద గుడ్ల వెడల్పాటి కొన మీద నల్లని చుక్కలుంటాయి. మూడు నాలుగు గుడ్లు మామూలు. పొదిగే కాలం 18 నుంచి 21 రోజులు.

ఇక్కడ మీరు చేయవలసిన పని చూడటంకంటే వెనక్కు జరగడం. గూటి చెట్టు ఎక్కకండి, కింద గుంపు చేర్చకండి, అరుపు రికార్డును ఫోన్‌లో వినిపించి పక్షిని బయటకు రప్పించకండి. తల్లి మిమ్మల్ని చూస్తూ అరుస్తోందంటే మీరు ఇప్పటికే దగ్గరగా వచ్చేశారన్నమాట. మీరు అక్కడ నిలబడిన ప్రతి నిమిషం కాకులకు గూడు ఎక్కడుందో చూపిస్తున్నట్టే. గూడు ఉన్న చోటును అందరికీ కనబడేలా పెట్టకండి. ఊరు పేరు రాసి, చెట్టు ఆనవాలు వదిలేయండి.

డేగను పట్టి మచ్చిక చేసే ఆనవాయితీ ఉత్తర భారతంలోను, పాకిస్తాన్‌లోను ఒకప్పుడు బాగా ఉండేది. త్వరగా మచ్చికవుతుంది కనుక, ఖరీదైన పెద్ద ఫాల్కన్లకు తిండి సంపాదించే పనికి శిక్రాను వాడేవారు. ముంబైలోని నౌకాదళ హెలికాప్టర్ స్థావరానికి ఐఎన్ఎస్ శిక్రా అని ఈ పక్షి పేరే పెట్టారు. ఇప్పుడు మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టుకోవడం, పెంచడం, గుడ్లు తీయడం నేరాలు. గూటి నుంచి పిల్ల కింద పడితే, చుట్టూ చూడండి: ఈకలు వచ్చి, కొమ్మ నుంచి కొమ్మకు దూకడం నేర్చుకునే పిల్ల అయితే తల్లి దగ్గరలోనే ఉంటుంది, పిల్లిని కుక్కను దూరంగా తోలి మీరూ తప్పుకుంటే చాలు. ఈకలు రాని పిల్ల అయితే, లేదా రక్తం కారుతుంటే, గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరచి, చీకటిగా ఉంచి అటవీశాఖవారికి ఫోన్ చేయండి. నీళ్ళు నోట్లో పోయకండి, అన్నం, పాలు పెట్టకండి. గోళ్ళు చిన్నవైనా గట్టిగా దిగుతాయి కాబట్టి పక్షిని ఎత్తేటప్పుడు మందమైన తువ్వాలు కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టుకోండి.